పాత రికార్డర్ బాక్సు, కొత్త 43 అంగుళాల టీవీ: బొమ్మ మసక, మొహాలు లావు

గోదారిగట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. పండగ ఆఫర్లో 43 అంగుళాల 4కె టీవీ తెచ్చాం. ఇంట్లో నాన్నగారి పాత డీటీహెచ్ రికార్డర్ బాక్సు ఉంది, లోపల 160 జీబీ హార్డ్ డిస్క్ ఉండే రకం. దాని వెనక పసుపు, ఎరుపు, తెలుపు సాకెట్లు తప్ప హెచ్‌డీఎంఐ లేదు. కొత్త టీవీకేమో మూడు హెచ్‌డీఎంఐలు, రెండు యూఎస్‌బీలు, ఓ పక్కన ‘ఏవీ ఇన్’ అని రాసిన సన్న రంధ్రం. మూడు రంగుల వైరు గుచ్చడానికి చోటే లేదు.

టీవీ బిగించడానికొచ్చిన కుర్రాడు సంచిలోంచి ఓ వైరు తీసిచ్చాడు. ఒక కొసన సన్న పిన్ను, రెండో కొసన మూడు రంగులు. పెడితే తెర మీద ఏమీ రాలేదు, ఎడమ స్పీకర్లో మాత్రం జుయ్యిమని మోత. "మీ బాక్సు పోయింది సార్, కొత్త కనెక్షన్ తీసుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు. అదే బాక్సు పాత డబ్బా టీవీకి పెడితే శుభ్రంగా వస్తోంది!

నాన్నగారు బాక్సు మార్చనంటే మార్చనంటున్నారు. అందులో 2011 వరల్డ్ కప్ ఫైనల్ మొత్తం ఉంది, ఎస్వీబీసీలో వచ్చిన బ్రహ్మోత్సవాలు ఉన్నాయి, మా చెల్లి చిన్నప్పుడు ఓ చానెల్ పాటల పోటీలో పాడిన ఎపిసోడ్ ఉంది. ఈ బాక్సుని కొత్త టీవీకి ఎలా కలపాలి? డిస్క్ ఊడదీసి టీవీ యూఎస్‌బీకి పెడితే అవి వస్తాయా?

అప్పుడే_అప్‌డేట్ (హైదరాబాద్)
ఏ కాలంలో ఉన్నారన్నా. 4కె టీవీ కొని దానికి పసుపు వైరు పెడతారా? బాక్సు పాత సామాన్లవాడికి ఇచ్చేయండి. ఆ ఫైనల్ ఎప్పుడు కావాలన్నా నెట్‌లో దొరుకుతుంది.

గోదారిగట్టు
ఫైనల్ దొరుకుతుంది తమ్ముడూ. మా చెల్లి పాట దొరకదు.

సిగ్నల్ మాస్టారు (గుంటూరు)
బాక్సు పోలేదు, వైరు తేడా. ఇది రోజూ చూసేదే.

ఆ సన్న పిన్నుని దగ్గరగా చూడండి. మూడు నల్ల గీతలుండి, వాటి మధ్య నాలుగు లోహపు ముక్కలుంటాయి. ఎడమ ఆడియో, కుడి ఆడియో, వీడియో, గ్రౌండ్, నాలుగూ ఆ ఒక్క పిన్నులోనే. ఏ ముక్కకి ఏది ఇవ్వాలన్నది మాత్రం కంపెనీకో రకం. పాత హ్యాండీక్యామ్‌లతో వచ్చిన వైరు ఒక రకం, మీ టీవీకి కావాల్సింది ఇంకో రకం. రెండూ చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. ఎడమ స్పీకర్లో మోత వచ్చిందంటే బొమ్మ సిగ్నల్ పోయి ఆడియోలో పడిందని అర్థం. ఆ జుయ్యి అనేది మీ బొమ్మే!

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. టీవీ వైపు సన్న పిన్నుని కదపకుండా, బాక్సు వెనక పసుపు సాకెట్లో ఒకసారి ఎరుపు పిన్ను, ఇంకోసారి తెలుపు పిన్ను పెట్టి చూడండి. ఏదో ఒకదానికి బొమ్మ వస్తే మిగతా రెండూ ఆడియోకి పెట్టేయండి. పిన్ను మీది రంగుకి విలువ లేదు, లోపల ఉన్నవి ఒకే రకం తీగలు. దేనికీ బొమ్మ రాలేదంటే గ్రౌండ్ చోటే మారిపోయిన వైరన్న మాట. అప్పుడు ఎన్ని మార్చినా లాభం లేదు, మీ టీవీ మోడల్‌కి సరిపోయే వైరు కొనాల్సిందే. టీవీ అట్టపెట్టె పారేశారా? చాలామంది దాని అడుగున ఓ చిన్న కవర్లో ఉన్న వైరుని చూడకుండానే అట్టతోపాటు అమ్మేస్తారు.

వరంగల్_వాణి (వరంగల్)
మాస్టారు చెప్పినదానికి ఇంకో మాట కలుపుతున్నా. కొన్ని టీవీల్లో పచ్చ, నీలం, ఎరుపు సాకెట్లుంటాయి, పచ్చది సగం పసుపు రంగులో ఉంటుంది. పసుపు వైరు కూడా అందులోనే పెట్టాలి, కానీ మెనూలో కాంపోనెంట్ (ఆ మూడు సాకెట్లకీ కలిపి ఉన్న పేరు) బదులు ఏవీ అని ఎంచుకోవాలి. లేదంటే బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. మా పక్కింటాయన కొన్నాళ్లు అలాగే సీరియళ్లు చూశారు, పాత సినిమాల ఫీలింగ్ వస్తోందని మురిసిపోయారు కూడా.

గోదారిగట్టు
మాస్టారూ, మీకు దండం. పసుపు సాకెట్లో తెలుపు పిన్ను పెట్టగానే బొమ్మ వచ్చింది, రంగుల్లోనే. మోత పోయింది. నాన్నగారు రిమోట్ అందుకుని చానెళ్లు తిప్పుతున్నారు.

ఇప్పుడు ఇంకో గొడవ. బొమ్మంతా మసకగా ఉంది, అక్షరాల చుట్టూ చీమలు పాకుతున్నాయి, న్యూస్ చదివే అమ్మాయి మొహం అడ్డంగా సాగిపోయింది. నాన్నగారి తీర్పు: "నలభై వేలు పోసి బొమ్మ చెడగొట్టారు."

వరంగల్_వాణి
నాది వీడియో ఎడిటింగ్ పని. నాన్నగారు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు, ఆ బొమ్మ పాత టీవీలో నిజంగానే బాగుండేది.

మన ఎస్‌డీ బొమ్మ అంటే 720 బై 576 చుక్కలు, మొత్తం 4,14,720. ఫుల్ హెచ్‌డీ తెరలో 20,73,600 చుక్కలు, సరిగ్గా 5 రెట్లు. మీ 4కె తెరలో 82,94,400, అంటే 20 రెట్లు. బాక్సు ఇచ్చే ఒక్కో చుక్కకీ టీవీ ఇంకో పంతొమ్మిది చుక్కలు ఊహించి వేయాలి. అరగరిటె పిండిని పెళ్లి పెనం మీద పరిచినట్టు ఉంటుంది. పైగా పసుపు వైరులో రంగూ వెలుగూ కలిసి ఒకే తీగలో వస్తాయి, టీవీ మళ్లీ విడదీసుకోవాలి. అది కుదరని చోట మీరన్న చీమలు పాకుతాయి. డబ్బా టీవీలో తెరే కాస్త మెత్తగా ఉండేది కాబట్టి ఈ లోపాలన్నీ కలిసిపోయేవి. ఏ వైరు పెట్టినా, ఏ పెట్టె కొన్నా ఈ బాక్సు నుంచి హెచ్‌డీ రాదు. ఆ ఆశ వదిలేసుకుంటే మిగతాది బాగు చేసుకోవచ్చు.

మొహాల లావు సంగతి ముందు చూద్దాం. ఇది రెండు చోట్ల సరిచేయాలి, అందరూ ఒక్కచోటే చేసి వదిలేస్తారు. మొదట బాక్సు మెనూలో టీవీ రకం అని ఉంటుంది, అక్కడ 4:3 ఉంటే 16:9 చేయండి. తర్వాత టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజుకి వెళ్లి, పాత 4:3 కార్యక్రమాలకి 4:3 పెట్టండి. పక్కల నల్ల పట్టీలొస్తాయి. నాన్నగారు "తెర తగ్గిపోయింది" అంటారు, రాసిపెట్టుకోండి. ఆయనకి ఇలా చెప్పండి: 43 అంగుళాల తెరలో పట్టీలు పోగా మిగిలిన బొమ్మే 35 అంగుళాలు. పాత టీవీ ఎంత, 21 అంగుళాలేనా?

జూమ్ మాత్రం చూసి వాడండి. సినిమా పైనా కిందా నల్ల పట్టీలతో వస్తుంటే జూమ్ బాగుంటుంది. క్రికెట్‌కి జూమ్ పెడితే కింద స్కోరు పట్టీ తెగిపోతుంది, ఫైనల్లో ఎన్ని కొట్టాలో తెలియకుండా చూడాల్సొస్తుంది.

ఇక మసక. టీవీలో ఈ ఏవీ ఇన్‌పుట్ వరకే షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, సున్నాకి దగ్గరగా. షోరూమ్ కోసం పెట్టిన వివిడ్ మోడ్ తీసేసి స్టాండర్డ్ లేదా సినిమా మోడ్ పెట్టండి. నాయిస్ రిడక్షన్ మీడియంలో ఉంచండి. సోఫా ఓ రెండడుగులు వెనక్కి జరపగలిగితే అన్నిటికంటే అదే ఎక్కువ పనిచేస్తుంది.

అనంత_అబ్బాయి (అనంతపురం)
ఇంత కష్టం దేనికబ్బా? ఆన్‌లైన్‌లో ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ అని అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది దొరుకుతుంది, 1080పీ అని దాని మీదే రాసుంటుంది. తీసుకుని హెచ్‌డీఎంఐలో పెట్టేయండి. నేను వాడుతున్నా, సూపర్‌గా ఉంది.

సిగ్నల్ మాస్టారు
అబ్బాయీ, ఆ 1080 అనేది బయటికిచ్చే లెక్క. లోపలికి వచ్చేది ఆ పసుపు వైరే కదా. సాగదీసే పని టీవీ చేయకుండా ఆ పెట్టె చేస్తుంది, అంతే తేడా. 4కె టీవీ లోపలి చిప్పు ఆ పని దీనికంటే బాగా చేస్తుంది. టీవీకి ఏవీ రంధ్రం లేనప్పుడు ఈ పెట్టె తప్పదు, ఉన్నప్పుడు దండగ.

కొనేవాళ్లు మూడు సంగతులు చూసుకోండి. హెచ్‌డీఎంఐ టు ఏవీ అని అచ్చం అలాంటిదే ఇంకోటి అమ్ముతారు, అది తిరగేసిన సరుకు, మన పనికి రాదు. రెండోది, దానికి 5 వోల్టుల కరెంటు కావాలి, యూఎస్‌బీ వైరు గుచ్చకుండా "పనిచేయట్లేదు" అని వెనక్కి పంపేవాళ్లే ఎక్కువ. మూడోది ఎవరూ చెప్పరు. మన ఇండియా టీవీ సిగ్నల్ పద్ధతి పేరు పాల్, అందులో బొమ్మ సెకనుకి 50 సార్లు మారుతుంది, చవక పెట్టెలు చాలావరకు 60గా మార్చి పంపుతాయి. ఆ లెక్క కుదరక క్రికెట్‌లో బంతి, న్యూస్‌లో కింద పరిగెత్తే అక్షరాలు ఎగిరెగిరి పడుతుంటాయి. ఒకసారి కంట్లో పడిందంటే ఇక అదే కనిపిస్తుంది.

అనంత_అబ్బాయి
అది చెప్పకుండా ఉండాల్సింది మాస్టారూ. ఇప్పుడు స్క్రోలింగ్ చూస్తే నాకూ అదే కనిపిస్తోంది 😀 మా టీవీకి ఏవీ రంధ్రం లేదు, కాబట్టి నాకిదే గతి.

ఆస్టిన్_అల్లుడు (టెక్సస్)
ఇక్కడ మా ఇంట్లో ఇదే కథ టివో అనే ఇక్కడి రికార్డర్ బాక్సుతో నడిచింది. రెండో తరం టివో, లోపల పాతకాలపు అనలాగ్ సిగ్నల్ మాత్రమే అందుకునే ట్యూనర్. 2009 జూన్ 12న ఇక్కడి పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేశాక యాంటెన్నా మీద దానికి ఏమీ అందలేదు. 40 డాలర్ల సర్కారు కూపన్‌తో, డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే కన్వర్టర్ బాక్సు తెచ్చుకుని దానికి తగిలించాం. టివో తనంతట చానెల్ మార్చలేదు, కన్వర్టర్ ముందు ఓ చిన్న ఇన్‌ఫ్రారెడ్ వైరు అంటిస్తే దాంతో రిమోట్‌లా సైగ చేసేది. తమాషాగా ఉండేది, పనిచేసేది.

ఒక హెచ్చరిక. మా దగ్గరి సిగ్నల్ పద్ధతి పాల్ కాదు, ఎన్‌టీఎస్‌సీ, 480 గీతలు, సెకనుకి 60 సార్ల లెక్క. సెలవులకి వస్తూ ఇక్కడి నుంచి మామగారింటికి ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ పట్టుకొచ్చేవాళ్లు అందులో పాల్ ఉందో లేదో చూసుకుని తీసుకోండి. లేకపోతే ఇండియా బాక్సు పెట్టినప్పుడు రంగులు పోతాయి, లేదా బొమ్మ దొర్లుతూ ఉంటుంది.

టివోలో ఒక సుఖం ఉండేది. టివో టు గో అని 2005లోనే ఇచ్చారు, ఇంటి నెట్‌వర్క్ మీద రికార్డింగులు కంప్యూటర్లోకి తీసుకోవచ్చు. మీ బాక్సుల్లో అలాంటిది లేదనుకుంటా?

పాతకార్డు (విశాఖపట్నం)
లేదు. డీటీహెచ్ సర్వీసులో చాలాకాలం పనిచేశాను, అందుకే గోదారిగట్టు గారి రెండో ప్రశ్నకి నేను చెప్తాను. ఎవరూ ఇంకా దాని జోలికి పోలేదు.

డిస్క్ ఊడదీయకండి. దయచేసి. ఆ రికార్డింగులన్నీ తాళం వేసిన రూపంలో డిస్క్ మీద ఉంటాయి, తాళంచెవి ఆ బాక్సులోనూ దాని కార్డులోనూ ఉంటుంది. డిస్క్ తీసి కంప్యూటర్‌కి పెడితే ఖాళీ డిస్క్ అనో పాడైన డిస్క్ అనో చూపిస్తుంది. టీవీకి పెడితే "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. మన వేలికి అవును నొక్కే అలవాటు. నొక్కారంటే మీ చెల్లెలి పాట, ఫైనల్, బ్రహ్మోత్సవాలు అన్నీ ఒక్క దెబ్బకి గల్లంతు. అదే మోడల్ ఇంకో బాక్సులో పెట్టినా చదవదు, పైగా కొన్ని బాక్సులు కొత్త డిస్క్ అనుకుని తామే ఫార్మాట్ చేసేస్తాయి.

రీచార్జ్ సంగతి కూడా చూసుకోండి. కొన్ని రికార్డర్లలో ప్యాకేజీ ఆగిపోతే పాత రికార్డింగులు కూడా తెరుచుకోవు. కొత్త కనెక్షన్ తీసుకుని దీన్ని ఆపేద్దామనుకుంటుంటే ముందు అందులో ఉన్నవి బయటికి తీసుకోండి, ఆ తర్వాత ఆపండి. ఈ వరస తిరగబడి ఏడ్చినవాళ్లని చూశాను.

ఇంకోటి. రికార్డర్ బాక్సుకి డిష్ నుంచి రెండు వైర్లు వస్తాయి, ఒకటి చూడటానికి, ఒకటి రికార్డుకి. ఎవరైనా కొత్త బాక్సు పెట్టడానికొచ్చి "ఒకటి వాడుకుంటా" అని లాగేస్తే, మీరు ఒక చానెల్ చూస్తూ ఇంకోటి రికార్డు చేసే వీలు పోతుంది. బాక్సు చెడిపోయిందని అనుకుంటారు.

గోదారిగట్టు
స్క్రూడ్రైవర్ పక్కన పడేశాను. మరి బయటికి తీయడం ఎలా సార్?

వరంగల్_వాణి
ఆ పసుపు వైరు మీదుగానే. తాళం డిస్క్ మీద ఉంది గానీ, బాక్సు ప్లే చేసేటప్పుడు తాళం తీసే కదా బయటికి పంపుతుంది. ఆ వచ్చే బొమ్మని కంప్యూటర్లో పట్టుకోవాలి. యూఎస్‌బీ వీడియో క్యాప్చర్ పరికరం ఒకటి కావాలి, ఒక వైపు మూడు రంగులు, ఇంకో వైపు యూఎస్‌బీ ఉంటుంది. కంప్యూటర్లో ఓబీఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి.

సెట్టింగుల్లో వీడియో స్టాండర్డ్ పాల్ బి, సైజు 720 బై 576. డీఇంటర్‌లేసింగ్‌లో (విడివిడిగా వచ్చే గీతలని సరిచేసే పని) యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుని, ఓబీఎస్ ఫ్రేమ్ రేటు 50 పెట్టండి. ఎస్‌డీ బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి వస్తాయి. దీన్ని పట్టించుకోకుండా రికార్డు చేస్తే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా వస్తాయి. ఇంట్లో చేసిన కాపీల్లో నూటికి తొంభై ఇక్కడే పాడవుతాయి. నూటికి తొంభై అనేది నా నోటి లెక్కే, సర్వే కాదు.

ఇందులో అడ్డదారి లేదు. గంట రికార్డింగుకి గంట పడుతుంది. సెకనుకి 8 మెగాబిట్ల నాణ్యత పెడితే గంటకి 3.6 జీబీ అవుతుంది, ఎస్‌డీకి అది ధారాళంగా సరిపోతుంది. అన్నీ ఎక్కించాలని కూర్చోకండి. నాన్నగారి పక్కన కూర్చుని ఏవి కావాలో ఓ కాగితం మీద రాయించుకోండి. మొదట చెల్లి పాట. ఫైనల్‌ని చివర్లో పెట్టండి, అది పోయినా ప్రపంచంలో ఇంకో కాపీ ఉంటుంది.

కొన్ని చానెళ్లు కాపీ అడ్డుకునే సంకేతం కలిపి పంపుతాయి, అప్పుడు క్యాప్చర్‌లో బొమ్మ ఉండుండి నల్లబడుతుంది. అలా జరిగితే ఆ పరికరంతో ఆ కార్యక్రమం రాదు. వచ్చినవి ఇంట్లో చూసుకోవడానికి ఉంచుకోండి, యూట్యూబ్‌లో ఎక్కించకండి.

పాతకార్డు
ఈ పని వాయిదా వేయకండి. లోపలున్నది తిరిగే డిస్క్, అన్నేళ్లుగా రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంది. బాక్సు నెత్తిన బట్ట, పక్కన రెండో బాక్సు, పైన దేవుడి పటం, ఇవేవీ లేకుండా చుట్టూ గాలి ఆడనివ్వండి. టక్, టక్ అని చప్పుడు మొదలైతే ఇక చెల్లి పాట తప్ప ఇంకేదీ ప్లే చేయకండి.

గోదారిగట్టు
అప్‌డేట్. చెల్లి ఎపిసోడ్ కంప్యూటర్లోకి వచ్చేసింది. రాత్రి పెన్‌డ్రైవ్‌లో వేసి 4కె టీవీలో పెట్టాం. వాణి గారు చెప్పినట్టు 4:3లోనే ఉంచాను. మెరుపుల గాగ్రా, పక్కకి తీసిన పాపిట, రెండో చరణంలో పల్లవి మర్చిపోయి జడ్జీల వైపు చూసిన చూపు, అన్నీ ఉన్నాయి. చెల్లి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో "అది డిలీట్ చెయ్యి అన్నయ్యా" అని ఒకటే అరుపు. మధ్యలో వచ్చిన ప్రకటనలు కత్తిరిద్దామంటే నాన్నగారు ఒప్పుకోలేదు. ఒక బట్టల కొట్టు ఇప్పుడు లేదట, ఆ ప్రకటన ఉంచమన్నారు.

4:3 పట్టీల గురించి వాణి గారు రాసిపెట్టుకోమన్న మాటే అక్షరం పొల్లుపోకుండా అన్నారు. 35 అంగుళాల లెక్క చెప్పాను. టేపు తెచ్చి కొలిచారు!

ఒక్క సందేహం మిగిలింది. బాక్సు ఎరుపు, తెలుపు పిన్నులు తీసి పాత హోమ్ థియేటర్‌కి పెడితే మాట ముందొస్తోంది, పెదవులు తర్వాత కదులుతున్నాయి.

సిగ్నల్ మాస్టారు
బొమ్మని సాగదీయడానికి టీవీకి కాస్త సమయం పడుతుంది, శబ్దానికి ఆ పని లేదు కాబట్టి ముందే వచ్చేస్తుంది. ఆడియో కూడా టీవీకే ఇవ్వండి, టీవీ నుంచి హోమ్ థియేటర్‌కి తీసుకోండి. అప్పుడు టీవీ రెండిటినీ కలిపి పంపుతుంది. లేదంటే ఆ ఇన్‌పుట్‌కి గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మ తొందరగా వస్తుంది, కానీ మసక కొంచెం పెరుగుతుంది. నేనైతే మొదటిదే చేస్తాను.

అప్పుడే_అప్‌డేట్
సరే, పాత సామాన్లవాడి మాట వెనక్కి తీసుకోను గానీ, పాట కాపీ అయ్యాకే ఇవ్వండి 🙏 కొత్త రికార్డింగులకి మాత్రం హెచ్‌డీ బాక్సు తీసుకోండన్నా. యూఎస్‌బీ డిస్క్ పెడితే రికార్డు చేసేవి ఉన్నాయి.

పాతకార్డు
ఉన్నాయి. వాటిలో రికార్డు చేసినవీ ఆ బాక్సుకే కట్టుబడి ఉంటాయని తెలిసి తీసుకోండి. డిస్క్ బయట కనిపిస్తోంది కదా అని కంప్యూటర్లో తెరుచుకుంటుందనుకోవద్దు.

కడప_కుర్రోడు (కడప)
సార్, నాది వేరే సమస్య. మాది హెచ్‌డీ రికార్డర్, హెచ్‌డీఎంఐ ఉంది. టీవీకి బాగా వస్తుంది, పెళ్లిళ్లకి తెచ్చే పాత ప్రొజెక్టర్‌కి పెడితే నల్ల తెర వస్తుంది, ఏదో కంటెంట్ ప్రొటెక్షన్ అని రాస్తుంది. ఐపీఎల్ లోపు కావాలి.

సిగ్నల్ మాస్టారు
ప్రొజెక్టర్‌కి హెచ్‌డీసీపీ (హెచ్‌డీఎంఐలో కాపీని అడ్డుకునే తాళం) లేనట్టుంది, బాక్సు దాన్ని నమ్మక బొమ్మ ఆపేస్తోంది. బాక్సు వెనక కాంపోనెంట్ సాకెట్లుంటే పచ్చ, నీలం, ఎరుపు వైరుతో ప్రయత్నించు, ప్రొజెక్టర్‌కి కూడా ఆ ఇన్‌పుట్ ఉండాలి. ప్రొజెక్టర్ మోడల్ నంబరు రాసి వేరే చర్చ మొదలుపెట్టు బాబూ, ఇది గోదారిగట్టు గారిది.